కంప్యూటర్ ఎంబ్రాయిడరీలో రెండు రంగుల దారాలు గీత కనపడకుండా కలవాలంటే ఏం చేయాలి?

కావలి నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. పన్నెండు సూదుల సింగిల్ హెడ్ (ఒకసారికి ఒక్క గుడ్డ మీదే కుట్టే) మెషిన్ తీసుకుని పంచింగ్, అంటే బొమ్మను మెషిన్ కుట్టగలిగే ఫైలుగా మార్చడం, సొంతంగా నేర్చుకుంటున్నారు. బ్లౌజు వెనక భాగానికి వేసే నెమలి మెడలో ముదురు నీలం నుంచి చిలకపచ్చకు మారేచోట గీత గీసినట్టు కనిపిస్తోంది. నీలం మీద పచ్చ ఫిల్ (ఆకారం లోపలంతా నింపే కుట్లు) ఇంకొకటి వేస్తే గుడ్డ గట్టిగా బిగుసుకుపోయి సూదులు విరుగుతున్నాయి. దీనికి సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగ్ ఉందా, మరిన్ని షేడ్ల దారాలు కొనాలా, ఇలాంటి పనికి రేటు ఎలా చెప్పాలి అని అడిగారు.

సూటిగా జవాబు చెప్పి తర్వాత వివరాల్లోకి వెళ్తాను. మెడలో ఏ చోట చూసినా రెండు రంగులూ కలిపి ఒక్క ఫిల్‌కు సరిపడే దారమే ఉండాలి. నీలం ఎంత తగ్గితే పచ్చ అంతే పెరగాలి. సెట్టింగ్ ఉంది, కానీ దాన్ని నమ్మి వదిలేస్తే పని సగమే అవుతుంది. దారాల విషయానికొస్తే, పెట్టె నిండా షేడ్లు అక్కర్లేదు. మీ నీలానికీ పచ్చకూ మధ్య సరిగ్గా ఎంచుకున్న ఒక్క కోను చాలు.

నేను ఒంగోలులో పంచింగ్ చేస్తాను. నెల్లూరు, కావలి, కందుకూరు షాపుల వాళ్లకు ఫైళ్లు పంపుతుంటాను. నా దగ్గరకు బాగు చేయమని వచ్చే ఫైళ్లలో ఎక్కువ వాటికి ఇదే జబ్బు.

ముందు లెక్క చూద్దాం. నలభై నంబరు దారంతో మామూలు ఫిల్ వేసేటప్పుడు వరుసకూ వరుసకూ మధ్య 0.40 మి.మీ. ఉంచుతాం. అంటే సెంటీమీటరుకు 25 వరుసలు. మీరు నీలం పూర్తిగా వేసి దాని మీద పచ్చ కూడా పూర్తిగా వేశారు కాబట్టి 50 వరుసలయ్యాయి. రెండింటికీ అండర్‌లే (పై కుట్ల కింద ముందుగా వేసే ఆధారపు కుట్లు) వేరుగా ఉండే ఉంటుంది. అంత దారంలోంచి దూరాల్సి వచ్చిన సూది వేడెక్కుతుంది, పక్కకు వంగుతుంది, ప్లేటుకు తగిలి విరుగుతుంది. విరగకపోయినా గుడ్డను లోపలికి లాగి చుట్టూ ముడతలు తెస్తుంది. మెషిన్‌లో లోపమేమీ లేదు, మెకానిక్‌ను పిలవకండి.

ఇప్పుడు ఆ 25 వరుసలను పంచండి. సగం నీలం, సగం పచ్చ కావాల్సిన చోట ఒక్కోదానికి 0.80 మి.మీ. స్పేసింగ్ (వరుసల మధ్య ఎడం) ఇవ్వాలి. మూడు వంతులు నీలం, ఒక వంతు పచ్చ కావాలంటే నీలానికి 0.53, పచ్చకు 1.60. సాఫ్ట్‌వేర్‌లో గ్రేడియంట్ (స్పేసింగ్‌ను క్రమంగా మార్చే సెట్టింగ్) లేనివాళ్లు మెడను అయిదు పట్టీలుగా కోసుకుని ఈ అంకెలతోనే వేసుకోవచ్చు. మొదటి పట్టీ పూర్తి నీలం 0.40, రెండోది 0.53కు 1.60, మూడోది 0.80కి 0.80, నాలుగోది రెండోదానికి తిరగేసి, అయిదోది పూర్తి పచ్చ. పట్టీల అంచులు మాత్రం తిన్నగా కోయకండి. కొంచెం వంకరగా, ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయేలా కోస్తే కన్ను ఆ అతుకులను పట్టుకోలేదు.

గ్రేడియంట్ ఉన్నవాళ్లకు ఒక చిక్కు ఉంది. విల్‌కామ్ అనే పంచింగ్ సాఫ్ట్‌వేర్‌లో అకార్డియన్ స్పేసింగ్, కలర్ బ్లెండింగ్ అని ఉంటాయి. మిగతా సాఫ్ట్‌వేర్లలో వేరే పేర్లతో ఇలాంటివే ఉంటాయి. నీలానికి 0.40 నుంచి 1.60, పచ్చకు 1.60 నుంచి 0.40 అని ఇచ్చారనుకోండి. సాఫ్ట్‌వేర్ ఆ అంకెను సమంగా పెంచుకుంటూ పోతే సరిగ్గా మధ్యలో రెండింటికీ 1.00 వస్తుంది. 1.00 అంటే సెంటీమీటరుకు పది వరుసలు, రెండూ కలిపి ఇరవై. రెండు కొసల్లో చూస్తే 25కు తోడు ఆరు, మొత్తం 31. అంటే కొసల్లో దారం కిక్కిరిసి, మధ్యలో పలచబడి గుడ్డ తొంగిచూస్తుంది. అందుకే గ్రేడియంట్ వాడినా మధ్యలో మచ్చలా కనిపిస్తోందని చాలామంది అంటుంటారు.

దీనికి నేను చేసేది చెప్తాను. మెడను మధ్యలో రెండు ముక్కలు చేస్తాను. నీలం మొదటి ముక్కలో 0.40 నుంచి 0.80కి, రెండో ముక్కలో 0.80 నుంచి 2.40కి వెళ్తుంది. పచ్చకు ఇదే తిరగేసి ఇస్తాను. ఇప్పుడు లెక్క వేసి చూడండి. కొసల్లో 29, నట్టనడుమ 25, వాటి మధ్యలో 23 వస్తాయి. ఈ మాత్రం తేడా గుడ్డ మీద తెలియదు.

ఇంతకంటే ముఖ్యమైనది కుట్టు దిశ. స్పేసింగ్ మారేది వరుసలకు అడ్డంగానే. రంగు పైనుంచి కిందికి మారాలంటే కుట్లు అడ్డంగా పడాలి. మీరు కుట్లను మెడ పొడవునా పెట్టి గ్రేడియంట్ ఇచ్చి ఉంటే రంగు ఎడమ నుంచి కుడికి మారుతుంది తప్ప పైనుంచి కిందికి ఎన్నటికీ మారదు. రెండు రంగులకూ కోణం ఒకటే ఉంచండి. ఒకటి అడ్డంగా, ఇంకొకటి నిలువుగా పెడితే జాలీలా గళ్లు పడతాయి. కోణం ఒకటైనప్పుడు ఇంకో ఇబ్బంది రావచ్చు. పైన కుట్టే రంగు వరుస సరిగ్గా కింది రంగు వరుస మీదే పడితే కింది రంగు కనపడదు, పక్కన ఖాళీ మిగులుతుంది. అలా జరిగితే పై రంగు మొదలయ్యే అంచును ఒక వరుసలో సగం మేర కిందికి జరిపితే సర్దుకుంటుంది.

రెండో పద్ధతి ఉంది, నిజానికి నెమలి మెడకు నాకు అదే ఇష్టం. చేత్తో కుట్టేవాళ్లు ఒక కుట్టు పొడుగు, ఒక కుట్టు పొట్టి వేసి రేకులకు షేడింగ్ తెస్తారు కదా. మెషిన్‌లో కూడా అది సాధ్యమే. కుట్లు మెడ పొడవునా, ఈకలు వాలే దిశలో వెళ్తాయి. స్పేసింగ్ మారదు. నీలం ఫిల్ కింది అంచుకూ, పచ్చ ఫిల్ పై అంచుకూ హెచ్చుతగ్గుల అంచు ఇస్తాం. ఫెదర్ ఎడ్జ్, జాగ్డ్ ఎడ్జ్ అనే పేర్లతో ఉంటుంది. కుట్లు ఒకటి లోపలికి, ఒకటి బయటికి దిగి, రెండు చేతుల వేళ్లు పెనవేసుకున్నట్టు కలుస్తాయి. హెచ్చుతగ్గు అయిదు నుంచి ఎనిమిది మి.మీ. దాకా ఇవ్వండి. రెండు మూడు మి.మీ. మాత్రమే ఇస్తే గీత పోదు, రంపం పళ్లలా తయారవుతుంది. రెండు అంచులూ ఒకదానిలోకి ఒకటి వెళ్లే మేరను కూడా అంతే ఉంచాలి. తక్కువైతే సందు, ఎక్కువైతే దిమ్మ.

ఈకలు, పూరేకులు, జంతువుల వెంట్రుకలకు ఈ రెండో పద్ధతి బాగుంటుంది. ఆకాశం, నీళ్లు, నున్నగా కనపడాల్సిన ఒళ్లు అయితే మొదటిది. ఒకే డిజైన్‌లో రెండూ వాడటంలో తప్పేమీ లేదు.

అండర్‌లే గురించి క్లుప్తంగా: మెడ మొత్తానికి కలిపి ఒక్కటే వేయండి. పై కుట్లకు అడ్డంగా, రెండున్నర మి.మీ. ఎడంతో చాలు. దాని రంగు రెండింటిలో లేతదై ఉండాలి. ఆ తర్వాత వచ్చే నీలం, పచ్చ ఫిల్లులకు అండర్‌లే తీసేయండి. ట్రావెల్ కుట్లను (ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లేటప్పుడు మెషిన్ వేసేవి) కూడా ఒకసారి చూసుకోండి. నిండు ఫిల్ కింద అవి దాక్కుంటాయి. 1.60 స్పేసింగ్ కింద దాక్కోవు, లేత పచ్చలో నల్లటి నరంలా కనపడతాయి. విల్‌కామ్‌లో ట్రపుంటో అనే ఆప్షన్ వాటిని అంచులకు నెట్టేస్తుంది. లేకపోతే మొదలు, చివర బిందువులను ఎదురెదురు కొసల్లో పెట్టండి.

ఏ రంగు ముందు? చివర కుట్టినదే పైన కనపడుతుంది, కాబట్టి అదే గెలుస్తుంది. నేను లేతది ముందు వేసి ముదురుది తర్వాత వేస్తాను. లేత దారం మీద ముదురు దారం పలచగా పడితే నీడలా ఉంటుంది. ముదురు మీద లేతది పలచగా పడితే గీతలు లేచి కనపడతాయి. ముదురు పైన వస్తోంది కాబట్టి దాన్ని లెక్క కంటే పదో వంతు పలచన చేస్తాను.

ఇక రంగుల ఎంపిక. నన్నడిగితే ఈ పనిలో సగం ఇక్కడే ఉంది, అయినా కోర్సులు నేర్పేవాళ్లు దీన్ని అయిదు నిమిషాల్లో దాటేస్తారు.

రంగుపొడులు కలిపితే జరిగేది వేరు, దారాలు పక్కపక్కన పెడితే జరిగేది వేరు. నీలం పెయింటులో పసుపు పెయింటు కలిపితే ఆకుపచ్చ వస్తుంది. నీలం దారం పక్కన పసుపు దారం వరుసలుగా పెడితే దూరం నుంచి మాసిన బూడిద రంగు కనిపిస్తుంది. కన్ను ఆ రెండింటినీ సగటు తీసుకుంటుంది తప్ప కొత్త రంగు పుట్టించదు. అందుకే ఎరుపు నుంచి పచ్చకు నేరుగా వెళ్తే మధ్యలో మట్టి రంగు వస్తుంది. ఎర్ర గులాబీ కింద పచ్చ కాడను కలపాలనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. అక్కడ కలపకండి, మొహమాటం లేకుండా అంచు వదిలేయండి.

మీ నీలం, చిలకపచ్చ పక్కపక్క రంగులే కాబట్టి ఆ భయం లేదు. మీకు గీత కనపడటానికి కారణం వేరు. ముదురు నీలం చాలా ముదురు, చిలకపచ్చ చాలా లేత. రంగు పేరులో తేడా కంటే వెలుగులో తేడా కంటికి ముందు తగులుతుంది. ఒక పని చేయండి. రెండు కోన్లను కిటికీ దగ్గర పక్కపక్కన నిలబెట్టి ఫోనుతో ఫొటో తీసి, దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. ఒకటి దాదాపు నలుపు, ఇంకొకటి లేత బూడిద కనపడితే వాటి మధ్య ఇంకో మెట్టు కావాలి. షాపులో నెమలిపింఛం రంగు, రామా గ్రీన్ అనే షేడ్లు ఉంటాయి. వాటిలో ఫొటోలో సరిగ్గా నడిమి బూడిద రంగులో వచ్చే కోనే కొనండి. కంటికి నచ్చినది కాదు, ఫొటోలో మధ్యలో నిలిచినది. అప్పుడు నీలం నుంచి నెమలిపింఛం, అక్కడి నుంచి చిలకపచ్చ అని రెండు చిన్న కలయికలు అవుతాయి. ఒక పెద్ద దూకుడు కంటే ఇవి ఎంతో తేలిక.

పక్క రంగు ప్రభావం కూడా తెలిసి ఉండాలి. 19వ శతాబ్దంలో పారిస్‌లోని గోబెలిన్ తివాచీల కార్ఖానాలో అద్దకం విభాగాన్ని షెవ్రొల్ అనే రసాయన శాస్త్రవేత్త చూసేవాడు. నల్ల ఉన్ని నల్లగా కనపడటం లేదని ఫిర్యాదులు వస్తే పరీక్షించి, అద్దకంలో లోపం లేదని, పక్కనున్న రంగుల వల్లే కంటికి అలా తోస్తోందని తేల్చాడు. 1839లో ఆ పరిశీలనలను అచ్చు వేశాడు. మనకు దీని వాడకం ఏమిటంటే, కోను చేతిలో పట్టుకుని చూసి రంగు ఖాయం చేయకండి. అది కుట్టబోయే బ్లౌజు గుడ్డ మీద నాలుగైదు పోగులు పరిచి చూడండి. మెరూన్ పట్టు మీద చిలకపచ్చ అరుస్తుంది. అదే పచ్చ లేత పసుపు గుడ్డ మీద అణిగి ఉంటుంది.

దారం కోణం మారితే మెరుపు మారుతుందన్న సంగతి చాలామంది వాడుకోరు. ఎడ్ల బండలాగుడు పోటీలకు వెళ్లే ఒక బృందం ముదురు నీలం టీషర్టుల మీద ఒంగోలు గిత్త బొమ్మ కావాలని అడిగింది. ఒంగోలు గిత్త తెల్లనిదే అయినా మెడ మీద, మూపురం మీద బూడిద ఛాయ ఉంటుంది. ఆ ఛాయ లేకపోతే చూసేవాళ్లకు అది ఏదో ఒక తెల్ల ఎద్దే. వాళ్లు నాలుగు బూడిద షేడ్లు వేయమన్నారు. నేను తెలుపు, వెండి బూడిద, తోక కుచ్చుకు నలుపు, ఈ మూడే పెట్టాను. మూపురాన్ని మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో కుట్టు కోణాన్ని కొద్దికొద్దిగా తిప్పాను. వెలుగు తగిలే వైపు తెలుపు తళుక్కుమంది, తిరిగిన వైపు అదే తెలుపు మసకగా కనిపించింది. వెండి బూడిదను మూపురం వెనక వంపులో మాత్రమే గ్రేడియంట్‌గా దించాను. టీషర్టు సాగే గుడ్డ కాబట్టి వెనక చింపే పేపర్ కాకుండా కత్తిరించే రకం పేపర్ పెట్టాలి. లేకపోతే ఉతికిన తర్వాత మూపురం ముడుచుకుంటుంది. ముదురు గుడ్డ మీద తెలుపు కాబట్టి కింద తెల్ల అండర్‌లే కొంచెం గట్టిగా వేయక తప్పదు. అండర్‌లే పలచగా చాలని పైన చెప్పిన నియమానికి ఇదొక మినహాయింపు.

పలచటి గుడ్డ అయితే ఇంత ఫిల్ ఆలోచనే మానుకోండి. వెంకటగిరి నూలు చీర కొంగు మీద తామర పువ్వులు షేడింగ్‌తో వేయమని నెల్లూరు నుంచి తరచూ అడుగుతారు. ఆ నేత అంత సన్నటిది, 25 వరుసలు పడితే పువ్వు చుట్టూ చీర మొత్తం పోగవుతుంది. అక్కడ రెండో రంగు గుడ్డే. ఒక్క గులాబీ దారాన్ని రేకు కొసలో 0.60తో మొదలుపెట్టి, మొదలుకు వచ్చేసరికి రెండు మి.మీ. దాకా విప్పేస్తాను. చీర రంగులోకి గులాబీ కరిగిపోయినట్టు ఉంటుంది, చీర మెత్తదనం పోదు. అరవై నంబరు సన్న దారం, సన్న సూది వాడితే ఇంకా బాగుంటుంది. ఖర్చు పెరుగుతుందని ముందే చెప్పండి.

మీరు డిజైన్లు రెడీమేడ్‌గా కొని సైజు పెంచుతున్నట్లయితే ఇంకొక మాట. మెషిన్‌కు ఎక్కించే డీఎస్‌టీ ఫైలులో సూది పడే చోట్లు, రంగు మార్చమనే ఆజ్ఞలు మాత్రమే ఉంటాయి. ఏ రంగు అనే వివరం ఉండదు, ఫిల్ స్పేసింగ్ ఇంత అనే గుర్తూ ఉండదు. మెషిన్ మీదే దాన్ని 20 శాతం పెంచితే కుట్లు అవే ఉండి వాటి మధ్య ఎడం 0.40 నుంచి 0.48 అవుతుంది. మామూలు డిజైన్ దీన్ని తట్టుకుంటుంది. రంగులు కలిపిన డిజైన్‌లో మధ్య భాగం వెంటనే పలచబడి గుడ్డ కనిపిస్తుంది. తగ్గిస్తే బిగుసుకుంటుంది. సైజు మార్చాలంటే ఈఎంబీ (విల్‌కామ్ సొంత ఫైలు) లాంటి అసలు ఫైలులోనే మార్చి మళ్లీ డీఎస్‌టీ తీయండి. అమ్మినవాళ్లు చాలావరకు అసలు ఫైలు ఇవ్వరు. అందుకే పంచింగ్ నేర్చుకోవాలన్న మీ నిర్ణయం సరైనదే.

దారం రకాలు కలపకండి. రేయాన్ మెరుపు వేరు, పాలిస్టర్ మెరుపు వేరు. నీలం ఒక రకం, పచ్చ ఇంకో రకం అయితే ఎంత బాగా కలిపినా ఒక కోణంలో విడిపోయి కనపడతాయి. జరీని కలయికలో భాగం చేయవద్దు. చివర్లో నాలుగు సన్న గీతలుగా, స్పీడు తగ్గించి, కొంచెం పెద్ద సూదితో వేసుకోండి.

చూసే దూరం కూడా లెక్కలోకి తీసుకోండి. మామూలు చూపున్నవాళ్లు మీటరు దూరం నుంచి సుమారు 0.3 మి.మీ. ఎడాన్ని విడిగా గుర్తించగలరు. మన వరుస 0.4. కాబట్టి ఫ్రేమ్ మీద వంగి చూస్తే వరుసలు గీతలుగా కనపడక తప్పదు, దానికి కంగారుపడి మళ్లీ డెన్సిటీ (కుట్ల చిక్కదనం) పెంచకండి. గోడకు తగిలించి నాలుగైదు అడుగులు వెనక్కి వచ్చి చూడండి, ఇంకా వెనక్కి జరిగేకొద్దీ కలిసిపోతుంది. పగటి వెలుగులో ఒకసారి, కల్యాణ మండపాల్లో ఉండే పసుపు లైటు కింద ఒకసారి చూడండి. బ్లౌజు వేసుకునేది అక్కడే కదా. పసుపు లైటుకు నీలం అణిగిపోతుంది, చిలకపచ్చ లేస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో కనపడే బొమ్మతో పోల్చడం మాత్రం మానేయండి. తెర మీద దారానికి మెరుపు ఉండదు, గుడ్డకు లాగుడు ఉండదు.

అసలు బ్లౌజు మీదకు వెళ్లే ముందు అదే గుడ్డ ముక్క మీద రెండు సెంటీమీటర్ల వెడల్పు, పది సెంటీమీటర్ల పొడవున్న పట్టీ ఒకటి వేసుకోండి. ఎగువ నీలం, దిగువ పచ్చ. దాని కిందే వాడిన దారం నంబర్లు, స్పేసింగ్ పెన్నుతో రాసి దాచండి. ఇలాంటివి పోగైతే కస్టమర్‌కు చూపించడానికి మీ సొంత షేడ్ కార్డు తయారవుతుంది. దారం కంపెనీ కార్డులో రెండు రంగులు కలిస్తే ఎలా ఉంటుందో ఉండదు.

రేటు గురించి. 0.40 స్పేసింగ్, నాలుగు మి.మీ. కుట్టు పొడవుతో చదరపు సెంటీమీటరుకు సుమారు 62 కుట్లు పడతాయి. మీ నెమలి మెడ నలభై చదరపు సెంటీమీటర్లు అనుకుంటే రెండున్నర వేల కుట్లు. సరిగ్గా పంచితే రంగులు కలిపినా దాదాపు అంతే, అండర్‌లేతో కలిపి మరికొంత. కాబట్టి వెయ్యి కుట్లకు ఇంత అని లెక్క కడితే మీకు మామూలు ఫిల్‌కు వచ్చే డబ్బే వస్తుంది, పంచింగ్‌కు కూర్చున్న సమయం గాలికి పోతుంది. కుట్ల రేటు వేరుగా, పంచింగ్ చార్జీ వేరుగా చెప్పండి. పంచింగ్ చార్జీ ఆ డిజైన్‌కు ఒకసారే తీసుకుని, అదే డిజైన్ మళ్లీ వేయించుకుంటే కుట్ల రేటు మాత్రమే తీసుకోండి. రంగు మార్పు ఒక్కోదానికి చిన్న మొత్తం కలపండి, ఎందుకంటే మార్పు జరిగిన ప్రతిసారీ మెషిన్ ఆగి దారం కత్తిరిస్తుంది, మీరు దగ్గర ఉండాలి. ఫైలు మాత్రమే కావాలని వేరే షాపు వాళ్లు అడిగితే డీఎస్‌టీతో పాటు రంగుల వరుస రాసిన కాగితం ఫొటో తీసి పంపండి. అది లేకపోతే వాళ్లు నీలం సూది చోట పచ్చ ఎక్కించి మీకే ఫోను చేస్తారు.

మీ ఫైలులో నీలం, పచ్చలకు ఇచ్చిన స్పేసింగ్, కుట్టు కోణం, గుడ్డ రకం ఇక్కడ రాయండి. ఫొటో పెడితే వెనక వైపుది కూడా పెట్టండి, బాబిన్ దారం (అడుగు దారం) ఎంత కనపడుతోందో చూస్తే టెన్షన్ (దారం బిగువు) సంగతి కూడా చెప్పగలను.